గాలిని చదివిన గురికాండ్రు

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించిన కథ మనలో నెరుగనివారు లేరు. చెట్టుకొమ్మపై బొమ్మపక్షిని నిలిపి, ‘నీకేమి కనబడుచున్నది?’ అని యడిగినప్పుడు ధర్మరాజు చెట్టును, పక్షిని, తమ్ములను, ఆచార్యుని గూడ చూచుచున్నానని చెప్పి వెనుకకు పంపబడెను. అర్జునుడు పక్షి తలను మాత్రమే చూచి గెలిచెను. ఏకాగ్రతకు ఆ కథయే మనకు ప్రమాణము. అయితే బోరగిల పరుండి, వేయి గజముల దూరమున నున్న గురిని రైఫిలుతో కొట్టు విద్యలో ఆచార్యుని తీర్పు కొంత సవరింపవలసి వచ్చును. అచట గురిని మాత్రమే చూచినవాని గుండు గురిని తాకదు. గడ్డి యెటు వంగుచున్నదో, జెండా యెంత లేచినదో, దూరమున ఎండమావి యేవైపునకు పారుచున్నదో గమనించినవాడే గెలుచును. అర్జునుని చూపునకు ధర్మరాజు చూపు తోడుకావలెను. ఇందులకు కారణము గాలి.

ఈ గాలిని గురించి గురికాండ్ర లోకమున నూటడెబ్బది యేండ్లుగా ఒక ప్రశ్న నిలిచియున్నది. గాలిని పోటీలోనుండి తొలగింపవలెనా, లేక దానినే ఒక విద్యగా నేర్వవలెనా? పోటీ యనగా మనుష్యుని నేర్పునకు పరీక్ష. గాలి కేవలము అదృష్టమైనచో అది ఆ పరీక్షను చెరుపును. నేర్వదగిన విద్యయైనచో అదియే పరీక్షలో ముఖ్యభాగమగును. ఈ రెండు మార్గములును చరిత్రలో ఎట్లు నడచినవో తెలుపుటయే ఈ ప్రసంగమున మా ఉద్దేశము.

గాలి గుండును ఏమి చేయునో ముందుగా తెలిసికొందము. 18వ శతాబ్దము నడుమ వరకు ఐరోపాలోని ఫిరంగిశాస్త్రజ్ఞులలో పెక్కుమంది, గుండు నడకకు గాలివలన కలుగు అడ్డు లెక్కింపదగినంత కాదని తలచుచుండిరి. ఆ భ్రమను పోగొట్టినవాడు బెంజమిన్ రాబిన్సు అను ఆంగ్లేయ గణితజ్ఞుడు. వ్రేలాడు దిమ్మెను గుండుతో కొట్టించి, అది వెనుకకు ఊగిన కొలతనుబట్టి గుండు వేగమును గణించు పద్ధతిని ఆయన 1742లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. దిమ్మెను దగ్గరగను, దూరముగను నిలిపి చూడగా, దారిలో గుండు వేగము ఎంత తరిగిపోవుచున్నదో తేలినది. గాలి యడ్డు గుండు బరువునకు అనేక రెట్లుండునని ఆయన ఋజువు చేసెను. గొట్టము లోపల మెలిదిరిగిన గాడులు గల రైఫిలు గుండును బొంగరమువలె త్రిప్పి నిలుకడగా పంపుననియు, ఆ ఆయుధమును ముందుగా మెరుగుపరచుకొన్న దేశము ఇతరులను మించుననియు 1747లోనే చెప్పెను. ఈ పండితుని తుదిదినములు మన దేశముననే గడచినవి. ఈస్టిండియా కంపెనీవారి కోటలను బాగుచేయు ఇంజనీరుగా 1750లో వచ్చి, కడలూరు సమీపమున నున్న సెయింట్ డేవిడ్ కోటలో 1751 జూలైలో ఆయన కన్నుమూసెను.

అడ్డగాలి గుండును ఎంత దూరము త్రోయునను ప్రశ్నకు సమాధానము మన ఊహకు భిన్నముగా నుండును. గుండు ప్రయాణము చేయు కాలమంతయు అది గాలితోపాటు ప్రక్కకు కొట్టుకొనిపోవునని మనము తలతుము. పాయింట్ 22 బోరు రైఫిలు గుండు 50 మీటర్లు పోవుటకు సెకనులో సుమారు నూరింట 16 భాగములు పట్టును. ఆకులను గలగలలాడించు చిరుగాలి సెకనుకు 3 మీటర్ల వేగమున అడ్డముగా వీచుచున్నదనుకొందము. మన ఊహయే నిజమైనచో గుండు రమారమి అరమీటరు ప్రక్కకు పోవలెను. నిజమునకు పోవునది 2 సెంటీమీటర్లు మాత్రమే. గాలి యడ్డులేని శూన్యమున గుండునకు పట్టవలసిన కాలమెంత, గాలిలో పట్టిన కాలమెంత, ఈ రెంటికిని గల భేదమెంత యని చూడవలెను. ఆ ఆలస్యము సెకనులో వేయింట 7 భాగములు. ఆ ఆలస్యమును గాలి వేగముతో హెచ్చించినచో వచ్చునదే గుండు తప్పుదూరము. 19వ శతాబ్దమున ఇసిడోర్ డిడియాన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ లెక్కను సూత్రముగా కూర్చెను.

కళ్ళములో తూర్పారబట్టు రైతునకు ఈ సూత్రపు సారము చిరపరిచితమే. గాలి యొకటే యైనను గింజ కాళ్ళదగ్గరనే పడును, పొట్టు దూరముగా పోవును. గాలికి తన వేగమును త్వరగా కోల్పోవునది గాలికి లొంగును. వేగమును నిలుపుకొనునది తన దారిని తాను పోవును. అందుచేతనే గురితుపాకుల చరిత్ర యంతయు, వేగమును చివరివరకు నిలుపుకొను గుండు కొరకు జరిగిన అన్వేషణమని చెప్పవచ్చును.

అయినను మిగులు తప్పు తక్కువది కాదు. 50 మీటర్ల గురిపలకపై 10 మార్కుల వలయము అడ్డుకొలత 10.4 మిల్లీమీటర్లు. దాని చుట్టునున్న వలయములు ఒక్కొక్కటి 8 మిల్లీమీటర్ల వెడల్పు. 2 సెంటీమీటర్లు తొలగిన గుండునకు పదికి బదులు ఎనిమిదియే దక్కును. వేయి గజముల దూరమున గంటకు 10 మైళ్ళ అడ్డగాలి నేటి గురిరైఫిలు గుండును సుమారు 8 అడుగులు ప్రక్కకు త్రోయును. అనగా సూటిగా గురిచూచినవాని గుండు గురిపలక నడుమకు పోక, అంచు దరిదాపులకో, దానిని దాటియో పోవును.

బోరగిల పరుండి కాల్చు పద్ధతికిని గాలివిద్యకును విడదీయరాని సంబంధము కలదు. నిలుచుండి కాల్చువానికి తన దేహమే పెద్ద శత్రువు. ఊపిరి, గుండె, కాళ్ళ వణకు, అన్నియు తుపాకిని కదలించును. నేలపై బోరగిల పరుండి, మోచేతులను నేలకానించి, తోలుపట్టెతో చేతిని తుపాకికి బిగించుకొన్నచో ఆ కదలిక యంతయు అణగిపోవును. మంచి తుపాకి, మంచి తూటా, కదలని దేహము సమకూడిన పిమ్మట మిగిలిన తప్పు గాలి యొక్కటే. కావున పరుండి కాల్చు పోటీ కొంతదూరము పోవుసరికి గాలిని చదువు పోటీగా మారును.

గాలిని తొలగింపజూచిన ప్రయత్నములలో మొదట చెప్పదగినది ఇంగ్లండు దేశపు యంత్రనిర్మాత జోసెఫ్ విట్‌వర్తు చేసినది. సైన్యపు రైఫిలును మెరుగుపరచు పనికి ప్రభుత్వము ఆయనను కోరగా, గాలి తాకిడి లేకుండ గొట్టము గుణదోషములను మాత్రమే పరీక్షింపదలచి, 1854లో మాంచెస్టరులోని తన యింటి ఆవరణలో 500 గజముల పొడవు గల కప్పుకొట్టమును కట్టించెను. కట్టిన కొలదికాలమునకే పెనుగాలి దానిని పడగొట్టినది. మరల కట్టి 1855లో గాని పరిశోధనలు ప్రారంభింపలేకపోయిరి. గాలిని బయట నుంచుటకై కట్టిన ఇంటిని గాలియే కూల్చినది! అయినను ఆ కొట్టమున ఫలితము గొప్పది. ఆరు పలకల గొట్టమును, దానికి సరిపోవు సన్నని పొడవైన గుండును ఆయన రూపొందించెను. 1857లో హైతు పట్టణమున జరిగిన పరీక్షలో అది సైన్యపు ఎన్‌ఫీల్డు రైఫిలును సులభముగా మించినది. గొట్టము త్వరగా మసిబారుట, ఖరీదు హెచ్చగుట అను కారణములచే సైన్యము దానిని స్వీకరింపలేదు.

1859లో ఇంగ్లండున నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడినది. ఫ్రెంచివారు దండెత్తుదురేమో యను భయమున వేలకొలది వాలంటీర్లు తుపాకి పట్టిన దినములవి. 1860 జూలై 2వ తేదీన లండను చెంతనున్న వింబుల్డన్ మైదానమున వారి మొదటి పోటీలను విక్టోరియా రాణి ప్రారంభించెను. విట్‌వర్తు రైఫిలును ఇనుప పీఠముపై బిగించి, గురిని ముందుగానే కుదిర్చి యుంచిరి. రాణి పట్టుత్రాటిని లాగగా 400 గజముల దూరమున గుండు మధ్యబిందువునకు అంగుళమున్నర లోపలనే తాకినది. జనులు హర్షధ్వానములు చేసిరి. పీఠమును కుదిర్చినవారు చేసిన పనిని తరువాత ప్రతి వాలంటీరును నేలపై ఒంటరిగా తానే చేసికొనవలసి వచ్చినది. రాణి పేరిట నెలకొల్పిన బహుమతిని ఆ యేట ఎడ్వర్డు రాస్ అను యువకుడు గెలిచెను. ఓడినవారు గాలిని నిందించుటయు ఆ మైదానముననే మొదలైనదని ఊహించుట తప్పుగాదు.

గాలిని నిందించుటకు బదులు కొలుచుటకు తగిన సాధనములు త్వరలోనే వచ్చినవి. వెనుక సైటునకు వెర్నియరు కొలత, ప్రక్కలకు జరుపదగిన విండ్ గేజ్, తుపాకి యొకవైపునకు వాలినదేమో తెలుపు రసమట్టము, ఇవి సుదూరపు గురితుపాకులకు అంగములైనవి. కోణపు కొలతలో డిగ్రీని 60 భాగములు చేయగా వచ్చు నిమిషమే గురికానికి గజపుబద్ద. ఒక నిమిషము 100 గజముల దూరమున ఒక అంగుళము, 1000 గజముల దూరమున 10 అంగుళములు పైచిలుకు. ఎంత గాలికి ఎన్ని నిమిషములు సైటును జరుపవలెనో పట్టిక వ్రాసికొన్నవాడు గాలితో బేరమాడగలవాడైనాడు. యుద్ధభూమికి వచ్చుసరికి ఈ సున్నితము నిలువలేదు. బ్రిటిషు సైన్యపు లీ-ఎన్‌ఫీల్డు రైఫిలునకు మొదట ప్రక్కలకు జరుపు సైటుండెడిది. మొదటి ప్రపంచయుద్ధమున వేగముగా తుపాకులు చేయవలసి వచ్చి, 1916 నాటి తయారీలో దానిని మానివేసిరి.

గాలివిద్య చరిత్రలో మరుపురాని ఘట్టము అమెరికాలో జరిగినది. ఐర్లండు జట్టు 1873లో ఇంగ్లండును, స్కాట్లండును ఓడించి ఎల్కో షీల్డును గెలిచి, అమెరికావారిని పోటీకి పిలిచినది. 1874 సెప్టెంబరు 26వ తేదీన న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలండులోని క్రీడ్‌మూర్ మైదానమున ఆరుగురు చొప్పున రెండు జట్లు తలపడినవి. 800, 900, 1000 గజముల దూరములనుండి ఒక్కొక్కరు 15 గుండ్లు చొప్పున కాల్చిరి. ఐర్లండువారివి మూతినుండి మందుకూరు రిగ్బీ తుపాకులు. అమెరికావారివి వెనుకనుండి తూటా పెట్టు షార్ప్స్, రెమింగ్టన్ తుపాకులు. కొందరు బోరగిల పరుండిరి. అమెరికా జట్టులోని హెన్రీ ఫుల్టన్ వెల్లకిల పరుండి, తుపాకిని కాళ్ళమీద ఆనించి, 180కి 171 మార్కులు తెచ్చుకొనెను. ఐర్లండు జట్టులోని మిల్నర్ చక్కగా నడిమిచుక్కను కొట్టెను గాని అది ప్రక్కవారి గురిపలక! ఆ గుండునకు సున్న వేసిరి. తుదకు ఐర్లండు 931 మార్కులతో ముగించినది. అమెరికావారికి 930, ఒక్క గుండు మిగిలియున్నది. దానిని కాల్చవలసిన కర్నల్ జాన్ బోడైన్ చేతిని అంతకుముందే అల్లపు పానీయపు సీసా పగిలి గాయపరచినది. రుమాలు చుట్టిన చేతితో పరుండి, వేయి గజముల దూరమున ఆయన నడిమిచుక్కను కొట్టెను. 934కు 931.

ఆ ఒక్క గుండు కథ ప్రసిద్ధమైనది గాని, అంతకంటె ముఖ్యమైన పాఠము మూడేండ్ల తరువాత అదే మైదానమున తేలినది. 1877 సెప్టెంబరులో సర్ హెన్రీ హాల్‌ఫర్డు నాయకత్వమున వచ్చిన బ్రిటిషు జట్టును అమెరికావారు 3334కు 3242 మార్కులతో ఓడించిరి. ఆనాటి బ్రిటిషు గురికాండ్రు ప్రసిద్ధులే. అయితే ఎవరి గాలిని వారే చదువుకొను అలవాటు వారిది. అమెరికావారు జట్టుగా చదివిరి. ఒకని గుండు తగిలిన చోటు తరువాతివానికి పాఠమైనది. గాలి మారినదని ఒకడు గ్రహించినచో అందరికిని తెలిసినది. ఆ పద్ధతి నేడు సర్వసాధారణము. పెద్ద జట్టుపోటీలలో గురికాని వెనుక దుర్భిణితో ఒక శిక్షకుడు కూర్చుండి సైటును ఎంత జరుపవలెనో చెప్పును. పరుండినవాడు గురిని చూచును, కూర్చున్నవాడు లోకమును చూచును. మేము మొదట చెప్పిన అర్జునుని చూపును, ధర్మరాజు చూపును, ఇద్దరు మనుష్యులు పంచుకొనిరన్నమాట.

కంటికి కనబడని గాలిని చదువుట యెట్లు? గడియారపు ముఖమును నేలపై పరచి, 12 అంకెను గురివైపు నిలిపినట్లు భావింతురు. 3 గంటలవైపునుండి గాని 9 గంటలవైపునుండి గాని వచ్చు గాలికి పూర్తి విలువ. 1, 5, 7, 11 గంటలవైపులనుండి వచ్చుదానికి సగము విలువ. 12 వైపునుండి వచ్చు ఎదురుగాలి, 6 వైపునుండి వచ్చు వెనుకగాలి గుండును ప్రక్కకు త్రోయవు. అయితే అనుభవజ్ఞులు ఎక్కువగా భయపడునది ఈ వెనుకగాలికే. అది చేపతోకవలె కొంచెము కుడికి, కొంచెము ఎడమకు ఊగుచుండును. ఊగిన ప్రతిసారియు తప్పు దిశ మారును.

జెండాలు గాలి దిశను, బలమును తెలుపును గాని కొంత ఆలస్యముగా తెలుపును. వాటికంటె సున్నితమైనది ఎండమావి. దాహమునకు మోసము చేయునని మన కవులు నిందించిన ఎండమావియే గురికానికి నమ్మదగిన దూత. దుర్భిణిని గురికి కొంచెము ఇవతల కుదిర్చినచో నేలనుండి లేచు వేడిగాలి అలలు కనబడును. అవి కుడికి పారినచో గాలి కుడికి పోవుచున్నది. నిటారుగా, మరుగుచున్న నీటివలె లేచినచో అడ్డగాలి లేదని గాని, దిశ మారబోవుచున్నదని గాని తెలిసికొనవలెను. మరొక విశేషము కలదు. కుడివైపునకు మెలిదిరిగిన గాడులు గల తుపాకిలో, కుడినుండి వచ్చు గాలి గుండును ఎడమకేగాక కొంచెము పైకిని, ఎడమనుండి వచ్చు గాలి కుడికేగాక కొంచెము క్రిందికిని త్రోయును. ఇది గుండు బొంగరపు నడకవలన కలుగు ఫలితము. కావున గాలిలో తప్పిన గుండ్లు పలకపై ఏటవాలుగా బారులు తీరును.

చదివిన పిమ్మట చేయదగినవి మూడు. సైటును జరుపుకొనవచ్చును. సైటును కదపక, గురినే ప్రక్కకు చూచి కాల్చవచ్చును. లేదా తనకు తెలిసిన గాలి మరల వచ్చువరకు ఊరక వేచియుండవచ్చును. పోటీకి కాలపరిమితి యుండుటచే ఈ మూడవది అన్నిటికంటె కష్టము. ఎప్పుడు కాల్చవలెనో తెలిసినవానికంటె ఎప్పుడు కాల్చరాదో తెలిసినవాడు ఘనుడు.

1890లో ఇంగ్లండువారి పోటీలు వింబుల్డన్ వదలి బిస్లీకి చేరినవి. 1930లో అచట కోళ్ళపెంపకము వృత్తిగా గల మార్జరీ ఫాస్టర్ అను వనిత రాజబహుమతిని గెలిచెను. ఆ బహుమతిని అందుకొన్న మొదటి స్త్రీ ఆమెయే. గాలివిద్యకు కండబలముతో పనిలేదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల? అదే మైదానమున ఒక భారతీయ నామము నూరేండ్లు దాటి నిలిచియున్నది. 1870లో ఇంగ్లండు చూడబోయిన కొల్హాపూరు రాజు రాజారామ్, తిరుగుప్రయాణమున ఇటలీలోని ఫ్లోరెన్సు నగరమున మరణించెను. ఆయన కానుకగా ఇచ్చిన కోలాపూర్ కప్పునకై 1871 మొదలు బ్రిటిషు జట్టును, సముద్రముల ఆవలి దేశముల జట్లును పోటీపడుచున్నవి.

ఇక విట్‌వర్తు కట్టిన కప్పుకొట్టము మరల వచ్చినది. 1984లో ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల ఎయిర్ రైఫిలు ప్రవేశించినది. అది నాలుగు గోడల నడుమ, నిలుచుండి, గాలి సోకని చోట జరుగు పోటీ. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ క్రీడలలో ఆ పోటీలో కాంస్యపతకము తెచ్చి మన తెలుగునాటికి పేరు తెచ్చెను. అదే క్రీడలలో ఆరుబయలున, 50 మీటర్ల దూరమున, బోరగిల పరుండి కాల్చు పోటీలోను ఆయన పాల్గొనెను. ఆ పోటీలో బెలారస్ దేశీయుడు సెర్గీ మార్టినోవ్ 60 గుండ్లకు 600 మార్కులు తెచ్చుకొని స్వర్ణమందెను. మనవాడైన జయదీప్ కర్మాకర్ నాలుగవవాడైనాడు. కాంస్యమునకు ఆయనకు తక్కువైనవి 1.9 మార్కులు. 2016 రియో క్రీడల తరువాత ఈ పోటీని ఒలింపిక్ పట్టికనుండి తొలగించిరి. దాని స్థానమున స్త్రీపురుషులు కలిసి కాల్చు ఎయిర్ రైఫిలు పోటీ వచ్చినది. స్త్రీలకు సమానస్థానము కల్పించుట న్యాయమే. ఆ న్యాయమునకు చెల్లించిన మూల్యములో పరుండి కాల్చు పోటీ యొకటి యని మాత్రము మరువరాదు.

అయినను ఆ విద్య అంతరింపలేదు. మోకరిల్లి, పరుండి, నిలుచుండి 50 మీటర్ల దూరమున కాల్చు మూడు భంగిమల పోటీ నేటికిని ఒలింపిక్సులో కలదు. 2024 పారిస్ క్రీడలలో ఆ పోటీలో కాంస్యపతకము గెలిచిన స్వప్నిల్ కుసాలే కొల్హాపూరు జిల్లాలోని కాంబల్‌వాడి గ్రామవాసి. నూటయేబది మూడేండ్ల క్రిందట ఏ సీమ రాజు పేర కప్పు వెలసినదో, ఆ సీమ పల్లెబిడ్డయే పతకమును తెచ్చుట చరిత్రలోని చక్కని కూడిక.

రెండు మార్గములలో దేనికి మొగ్గవలెనని శ్రోతలు మమ్ము అడుగవచ్చును. కప్పుకొట్టము తుపాకిని పరీక్షించుటకు మంచిది. విట్‌వర్తు దానిని అందుకొరకే కట్టెను. మనుష్యుని పరీక్షించుటకు ఆరుబయలే తగినదని మా అభిప్రాయము. అందరిపైనను వీచు గాలి ఒకటే. దానిని చదువు చదువులో మాత్రమే హెచ్చుతగ్గులు. ఆ చదువు గ్రంథములనుండి కొంత వచ్చును. ఎక్కువభాగము మైదానమున, తెలిసినవాని ప్రక్కన దుర్భిణి పట్టి కూర్చుండుటచేతనే వచ్చును. మైదానములు మూసికొనిపోయినచో ఆ విద్యను నేర్పువారును, నేర్చువారును కలిసికొను చోటు పోవును. కావున మన దేశమున ఎచటనైనను ఆరుబయలు రేంజిలో జెండాలు ఎగురుచు, ఎవరో ఒక పెద్ద ఎవరో ఒక పిన్నకు ఎండమావిని చూపుచున్నంత కాలము, రాబిన్సు నాటినుండి కూడబెట్టిన ఈ జ్ఞానము నిలిచియుండును.